ఒక్కరే కూర్చుని 48 గంటల్లో మనసును కలచివేసే గేమ్ చేయగలరా?

చేయగలరు. ప్రోగ్రామింగ్ అంతంత మాత్రమే వచ్చు, బొమ్మలు వేయడం రాదు, తోడు ఎవరూ లేరు, అయినా గేమ్ జామ్‌లో, అంటే తక్కువ గడువులో ఒక గేమ్ తయారుచేసే పోటీలో, ఒక బరువైన, చీకటి కథ చెప్పాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. రెండేళ్ల క్రితం నేను సరిగ్గా ఇదే స్థితిలో ఒక ఆన్‌లైన్ జామ్‌కి పేరిచ్చాను. ఆ రెండు రోజుల్లో తెలిసివచ్చింది చెబుతాను.

ముందుగా ఒక గేమ్ ఆడి చూడండి. 2012 ఏప్రిల్‌లో గేమ్ రూపకర్త లూకాస్ పోప్ 'లూడమ్ డేర్' అనే ఆన్‌లైన్ జామ్ కోసం 48 గంటల్లో ఒక్కరే చేసిన 'ద రిపబ్లియా టైమ్స్'. నియంతృత్వ దేశంలో మీరు ఒక పత్రికకు సంపాదకులు. మీ కుటుంబం ప్రభుత్వం గుప్పిట్లో ఉంటుంది. మీరు చేసేదల్లా ఏ వార్త వేయాలో, ఎంత పెద్దగా వేయాలో చూసుకుంటూ పేజీ మీద పేర్చడమే. నెత్తురు లేదు, దెయ్యం లేదు, చీకటి గది కూడా లేదు. కానీ నిజాన్ని పక్కకు నెట్టి పొగడ్తను పైకి లాగుతున్నది మన చెయ్యే. మరుసటి ఏడాది ఆయన విడుదల చేసిన 'పేపర్స్, ప్లీజ్'లో సరిహద్దు దగ్గర పాస్‌పోర్టుల మీద ముద్ర వేస్తాం. అక్కడా భయం చేతిలోనే ఉంటుంది. కాబట్టి కథ ఆలోచించే ముందే ఈ ప్రశ్న వేసుకోండి: ఆడేవారి చేతికి నేను ఏ పని అప్పగిస్తున్నాను?

నేను అప్పగించిన పని ఫోన్ చేయడం. 2020 చివర్లో రుణ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్‌లో పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అప్పు తీసుకున్నవారి ఫోనులోని నంబర్లన్నీ యాప్ లాగేసుకుంటుంది, ఆ తర్వాత బంధువులకూ స్నేహితులకూ ఫోన్ చేసి పరువు తీస్తారు. ఆ వార్తలు చదివిన రోజుల నుంచి ఒకటే ఆలోచన నన్ను వదల్లేదు: ఆ కుర్చీలో కూర్చుని ఫోన్ చేసినవాళ్లూ మనలాంటి కుర్రవాళ్లే, జీతం కోసం వచ్చినవాళ్లే. నా గేమ్‌లో ఆడేవారు ఆ కుర్చీలో కూర్చుంటారు.

శుక్రవారం రాత్రి నా కాగితం మీద ముగ్గురు బాకీదారులు, ఒక మేనేజరు, ఆఫీసు క్యాంటీను, చివర్లో పోలీసుల రాక, అన్నీ ఉన్నాయి. శనివారం సాయంత్రానికి ఒక్క బాకీదారు మిగిలింది. భర్త లేని, ఒక బిడ్డ ఉన్న టైలరు. మిగతావన్నీ కొట్టేశాను. అప్పుడు చాలా బాధపడ్డాను కానీ గేమ్ బతికింది అందువల్లే. ఆమె కథను నేను ఎక్కడా వివరించలేదు. తెర మీద ఆమె ఫోనులోని పేర్లు మాత్రమే కనిపిస్తాయి. 'అమ్మ కొత్త నంబరు'. 'చిన్ని స్కూల్ ఆటో'. 'గ్యాస్ బాబాయి'. 'జాకెట్లు లక్ష్మి గారు బాకీ 350'. 'నాన్న'. ఎవరికి ఫోన్ చేయాలో మీరే ఎంచుకోవాలి. ఈ జాబితా రాయడానికి నాకు దాదాపు నాలుగు గంటలు పట్టింది. మొత్తం గేమ్‌లో నేను గర్వపడేది దాని గురించే. ఒక మనిషి తన ఫోనులో పేర్లు ఎలా రాసుకుంటారో చూస్తే ఆ జీవితమంతా తెలిసిపోతుంది. 'నాన్న' అన్న పేరు నొక్కితే ఆ నంబరు వాడుకలో లేదని వస్తుంది. ఆయన పోయారు, ఆమె పేరు తీసేయలేదు, అంతే. మరో వాక్యం అక్కర్లేదు.

ఇక పనిముట్టు. కథే ప్రధానమైతే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. 2009 నుంచి ఉంది, ఉచితం. ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో పెట్టెలో రాసి గీతలతో కలుపుతారు, చివరికి బ్రౌజర్‌లో తెరుచుకునే ఒకే ఒక్క ఫైలు చేతికొస్తుంది. తెలుగులో రాసేవారికి ఇంకో మేలు ఉంది: అక్షరాలను కూర్చే పని బ్రౌజరే చూసుకుంటుంది కనుక వత్తులు, గుణింతాలు చెదరవు. గొడో అనే గేమ్ ఇంజిన్ వాడాలనుకుంటే మాత్రం నాలుగో వెర్షన్ తీసుకోండి. మూడో వెర్షన్‌లో మన లిపి సరిగా కుదరదు, వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఆ ఒక్క సమస్యతోనే నా మొదటి జామ్‌లో ఒక పూట పోయింది.

శబ్దానికి ఎక్కువ ఖర్చుపెట్టకండి. నేను రాత్రి రెండింటికి మా గదిలో సీలింగ్ ఫ్యాను చప్పుడును ఫోనులో రికార్డు చేశాను. గేమ్ అంతా అదే వినిపిస్తుంది, ఫోన్ కలిసినప్పుడు ఆగిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం, గడువుకు ఐదు గంటల ముందు, మా చెల్లిని ఆడమన్నాను. పక్కన నిలబడి నోరు మెదపలేదు. ఆమె జాబితా చదివింది, చాలాసేపు దేన్నీ నొక్కలేదు, చివరికి 'నాన్న' నొక్కింది. నంబరు వాడుకలో లేదని రాగానే పక్కనున్న బాణం గుర్తు నొక్కి వెనక్కి వెళ్లిపోయింది. "ఆ ఫోన్ చేయకుండా ఉండాల్సింది అన్నయ్యా" అంది. ట్వైన్‌లో కథను తెర మీద చూపించే హార్లో అనే ఫార్మాట్ ఈ వెనక్కి వెళ్లే బాణాన్ని తనంతట తానే పెడుతుంది, నేను గమనించనేలేదు. చేసిన ఫోన్‌ను చేయనట్టు మార్చే వీలు నా కథలో ఉండకూడదు. తెర రూపాన్ని నిర్ణయించే స్టైల్‌షీటులో ఒక్క వరుస రాసి దాన్ని దాచేశాను. ఆమె ఆడుతుండగానే ఇంకొకటి బయటపడింది: ఆడేవారి ఎంపికను గుర్తుపెట్టుకునే ఒక వేరియబుల్ పేరులో అక్షరం తప్పుపడి, ఎవరికి ఫోన్ చేసినా ఒకే ముగింపు వస్తోంది. ఒక్కరే పనిచేస్తున్నప్పుడు ఇలాంటివి కళ్ల ముందున్నా కనిపించవు. కనీసం ఒక్క మనిషి చేత, మీరు మాట్లాడకుండా, ఆడించండి. ఈ పనికి సమయం ముందే పక్కన పెట్టుకోండి.

ముగింపును మాత్రం శనివారమే రాసేయండి. ఆదివారం రాత్రి అలసటలో రాసిన ముగింపుల్లో అందరూ చనిపోతారు. నా మొదటి ప్రతిలో ఆ టైలరు కూడా చనిపోయింది. పొద్దున లేచి చదివితే అది నిజమైన మరణాలను వాడుకున్నట్టు అనిపించి సిగ్గేసింది, తీసేశాను. ఇప్పుడు షిఫ్టు ముగిసి, రేపటి జాబితా చేతికిస్తారు. మొదటి పేరు 'అక్క కుట్టుమిషన్'.

చివరిగా, మొదటి తెర మీదే కథలో ఏముందో సూటిగా చెప్పండి: అప్పులు, వేధింపులు, ఆత్మహత్య ప్రస్తావన, ఏది ఉంటే అది. దానివల్ల ఉత్కంఠ తగ్గుతుందని భయపడ్డాను, తగ్గలేదు. ఆఖరి తెర మీద కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 పెట్టాను. అది ఏ సమయంలోనైనా పనిచేసే ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. మీ కథ ఆ దారిలో వెళ్తే మీరూ పెట్టండి.