బూతు మాటతో మొదలై దాడి కేసు దాకా

ప్రశ్న: సిడ్నీలో చదువుకుంటూ రాత్రిళ్లు పెట్రోల్ బంకులో పనిచేస్తున్నాను. మొన్న బంకు ముందు ఒక అబొరిజినల్ (ఆస్ట్రేలియా మూలవాసి) కుర్రాడిని పోలీసులు ఆపి పేరు అడిగారు. అతను విసుక్కుని ఒక బూతు మాట అన్నాడు. కాసేపటికి కింద పడేసి బేడీలు వేసి తీసుకెళ్లారు. ఆ మాట మా రూములో రోజూ వినిపించేదే. అది నేరమా? అంతా సీసీటీవీలో ఉంది. నేను కల్పించుకుంటే వీసాకు ఇబ్బందా?

జవాబు: నేరమే. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1988 నాటి సమ్మరీ అఫెన్సెస్ చట్టం, సెక్షన్ 4ఎ ప్రకారం బహిరంగ స్థలంలో గానీ, స్కూలు దగ్గర గానీ, అక్కడికి వినబడేలా గానీ అభ్యంతరకరమైన మాట అనకూడదు. గరిష్ఠ జరిమానా 660 డాలర్లు, పోలీసు అక్కడికక్కడే రాసిచ్చే ఫైన్ 500. జైలు లేదు. రూములో మీలో మీరు అనుకుంటే గొడవ లేదు, కిటికీ తెరిచి రోడ్డు మీదికి అరిస్తే తప్ప.

ఏ మాట అభ్యంతరకరమో చట్టం చెప్పలేదు. కోర్టుకెక్కేదాకా ఆ తీర్పు వీధిలో ఉన్న పోలీసుదే. చిక్కంతా అక్కడే. తిట్టినందుకు అరెస్టు. గింజుకుంటే అరెస్టును అడ్డుకున్నాడని ఇంకో కేసు. చెయ్యో కాలో తగిలితే పోలీసుపై దాడి. ఈ మూడింటి వరుసను అక్కడి వకీళ్లు ట్రైఫెక్టా అంటారు. జైలు లేని మాటతో మొదలై అయిదేళ్ల దాకా జైలు పడగల కేసులో తేలతారు. ఈ వలలో జనాభా లెక్కకు మించి పడేది అబొరిజినల్ ప్రజలే.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. కస్టడీలో జరిగిన 99 అబొరిజినల్ మరణాలను విచారించిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం), పోలీసులు కల్పించుకున్నప్పుడు వచ్చే బూతులకు మామూలుగా అరెస్టు గానీ కేసు గానీ ఉండకూడదని 1991లోనే సిఫారసు చేసింది. ఆ సెక్షన్లను ఎత్తేయడమో, బెదిరింపులకూ దూషణకూ పరిమితం చేయడమో పరిశీలించమని 2017లో ఆస్ట్రేలియా లా రిఫార్మ్ కమిషన్ రాష్ట్రాలకు చెప్పింది. సెక్షన్ మాత్రం కదల్లేదు. కోర్టుల్లో ఒక్కోసారి కేసు నిలబడదు కూడా: 1999లో డబ్బో అనే ఊళ్లో మేజిస్ట్రేట్ డేవిడ్ హైల్‌పర్న్ ఇలాంటి కేసే కొట్టేశారు.

ఇక మీ సంగతి. సాక్ష్యం చెప్పినంత మాత్రాన వీసాకు ఏమీ కాదు, టెన్షన్ పడకండి. ఎప్పుడైనా మీకే ఫైన్ రాస్తే, కట్టేస్తే అది కోర్టు శిక్షగా నమోదు కాదు. కోర్టులో పోరాడి ఓడితే మాత్రం వీసా ఫారంలో చెప్పాల్సి రావచ్చు. కట్టడమా, పోరాడటమా అన్నది ముందే వకీలును అడగండి.

ఆ కుర్రాడిపై దాడి కేసు కూడా పెట్టి ఉంటే, ఎవరు ముందు చెయ్యి వేశారో చూపేది మీ ఫుటేజీయే. చాలా రికార్డర్లలో పాతది కొన్నాళ్లకే చెరిగిపోతుంది. మీరు ఫోన్‌లోకి ఎక్కించుకోవద్దు, వాట్సాప్‌లో అసలు వద్దు. తేదీ, టైము రాసి, ఆ ముక్క చెరపకుండా ఉంచమని ఇవాళే మేనేజరుకు ఈమెయిల్ పెట్టండి. అబొరిజినల్ లీగల్ సర్వీసుకు ఫోన్ చేసి ఫలానా చోట ఫుటేజీ ఉందని చెప్పండి. కోర్టు ద్వారా తెప్పించుకోవడం వాళ్ల పని.