మొనాకో ట్రాక్ మ్యాప్‌లో ఫాలో అవ్వడం గురించి

బ్రో, మొనాకోలో ఊరి రోడ్ల మీదే జరిగే ఫార్ములా 1 కార్ రేస్ ట్రాక్‌ని మ్యాప్‌లో ఫాలో అవుదామని డైరెక్షన్స్ పెడితే రూట్ ఎక్కడికో పోతోందన్నావు కదా, మ్యాప్ మామూలు ట్రాఫిక్ రూల్స్, వన్‌వేలు చూసి దారి ఇస్తుంది, రేస్ ఏ దారిలో జరుగుతుందో దానికి అక్కర్లేదు. డైరెక్షన్స్ వదిలెయ్, గూగుల్ ఎర్త్‌లో మెజర్ టూల్ (దూరం కొలిచేది) తీసి రేస్ మొదలయ్యే బుల్వార్డ్ ఆల్బర్ట్ ప్రిమియే రోడ్డు నుంచి క్లాక్‌వైజ్‌గా నువ్వే పాయింట్లు పెట్టుకుంటూ వెళ్లు: సెయింట్ డెవోట్ చర్చి దగ్గర రైట్, ఎత్తెక్కి కసీనో, మిరాబో, ఫెయిర్‌మాంట్ హోటల్ హెయిర్‌పిన్ (యూ-టర్న్ లాంటి మలుపు), పోర్టియే, టన్నెల్, తర్వాత హార్బర్ వెంట టబాక్, స్విమ్మింగ్ పూల్, రాస్కాస్ మలుపులు, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టిన చోటికి. మొత్తం 3.337 కి.మీ. దగ్గరికి వస్తే కరెక్ట్‌గా గీసినట్టే. టన్నెల్ పైనుంచి కనపడదు, అక్కడ స్ట్రీట్ వ్యూలోకి దిగు. కసీనో ఎత్తు మాత్రం 3డీలో తప్పకుండా చూడు, అసలు అందం అక్కడే ఉంది!