లాక్‌డౌన్ కేసు ఇంకా ఉన్నది, పాస్‌పోర్ట్ వస్తదా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. 2021 మే లాక్‌డౌన్‌ల పొద్దున పది దాటినంక కూడా కిరాణం షాపు షట్టర్ సగం లేపి సరుకులిస్తున్ననని పోలీసులు కేసు రాసిండ్రు, లాఠీతోని రెండు దెబ్బలు కూడ వేసిండ్రు. ఇప్పుడు దుబాయ్ పోదామని పాస్‌పోర్ట్‌కు పెట్టుకుంటే ఎంక్వైరీల ఆ కేసు బయటపడ్డది. అసలు నా షాపు మూయించే హక్కు గవర్నమెంటుకు ఎక్కడిది సార్? ఇప్పుడు నేనేం చెయ్యాలె?

జవాబు: అన్నా, మూయించే అధికారమైతే ఉన్నది, అందుల డౌట్ పెట్టుకోకండి. 1897ల బొంబాయి ప్లేగు టైంల బ్రిటిషోళ్లు తెచ్చిన అంటువ్యాధుల చట్టం ఒకటి, 2005 విపత్తుల నిర్వహణ చట్టం ఇంకోటి, ఈ రెండు పట్టుకునే లాక్‌డౌన్ పెట్టిండ్రు. వ్యాపారం చేసుకునే హక్కు రాజ్యాంగంల ఉన్నది గాని ప్రజల మేలు కోసం దాని మీద న్యాయమైన ఆంక్షలు పెట్టొచ్చని కూడ అదే రాజ్యాంగం చెప్తది. మూసిన రోజుల నష్టానికి పరిహారం రాదు. అదే సహాయ పనుల కోసం మీ బండినో బిల్డింగునో స్వాధీనం చేసుకుంటే మాత్రం 2005 చట్టం 66వ సెక్షన్ కింద డబ్బులు కట్టాలె.

లాఠీ దెబ్బల సంగతి వేరు. ఆర్డర్ మీరితే కేసు పెట్టాలె, శిక్ష కోర్టు వెయ్యాలె, షాపు తెరిచిండని నడి బజార్ల కొట్టుమని ఏ సెక్షన్‌లా లేదు. 1897 చట్టంల మంచి ఉద్దేశంతోని పనిచేసినోళ్ల మీద కేసు వెయ్యొద్దని ఉన్నది నిజమే గాని కొట్టుడు మంచి ఉద్దేశం కిందికి ఎట్ల వస్తదో నాకైతే అర్థం కాదు. నన్నడిగితే మొదట్ల నాలుగే సెక్షన్లతోని వచ్చిన ఆ పాత చట్టంతోని మహమ్మారిని నడపొద్దు, అధికారాలే రాసిండ్రు, జనం హక్కుల గురించి అందుల ఒక్క ముక్క లేదు.

ఇగ మీ కేసుకొస్త. ముందుగాల ఎఫ్ఐఆర్ కాపీ తీసుకొని ఏ సెక్షన్లున్నయో చూడండి. ఒక్క అప్పటి ఐపీసీ 188 (అధికారి ఇచ్చిన ఆర్డర్ మీరుడు) ఉంటే మీకు చానా మంచిది, ఎందుకంటే దాంట్ల పోలీసుల ఛార్జిషీట్ మీద కోర్టు కేసు తీసుకోవద్దు, ఆర్డర్ ఇచ్చిన అధికారో ఆయన పైఅధికారో రాతపూర్వకంగ కంప్లైంట్ ఇయ్యాలె, అప్పటి క్రిమినల్ కేసుల విధానం చట్టం సీఆర్‌పీసీ 195 చెప్పేది అదే. విపత్తుల చట్టం 51 (ఆ చట్టం కింద ఇచ్చిన ఆర్డర్ వినకపోవుడు) పెట్టినా అదే చట్టం సెక్షన్ 60 ప్రకారం కంప్లైంట్ గవర్నమెంటు నుంచో జిల్లా అథారిటీ నుంచో రావాలె. టైం కూడ చూడాలె, 188కి శిక్ష ఎక్కువల ఎక్కువ ఆరు నెలలే కాబట్టి ఏడాది లోపల కంప్లైంట్ పడాలె. కరోనా వల్ల సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లిమిటేషన్ (కేసు వేసే గడువు) లెక్కల నుంచి తీసేసింది, అది తీసేసినా 2023 ఫిబ్రవరితోని గడువు అయిపోయింది. ఆలస్యాన్ని మాఫీ చేసే అధికారం కోర్టుకు ఉన్నది గాని దానికి సరైన కారణం చూపెట్టాలె. ఐపీసీ 270 (కావాలని రోగం అంటించే పని) లాంటి సెక్షన్ కలిపి ఉంటే మాత్రం మూడేండ్ల లెక్క వస్తది, అందుకే ఎఫ్ఐఆర్ చూడకుండ ఎవ్వల మాటా నమ్మకండి.

పాస్‌పోర్ట్ చట్టంల అడ్డం వచ్చేది క్రిమినల్ కోర్టుల పెండింగ్ ఉన్న కేసు. ఉత్త ఎఫ్ఐఆర్ ఉండి కోర్టు ఇంకా కేసును తీసుకోకపోతే అది పెండింగ్ కిందికి రాదు. ఈ-కోర్ట్స్ యాప్‌ల ఎఫ్ఐఆర్ నంబర్ కొట్టి చూస్తే తెలుస్తది. కోర్టుల లేకుంటే స్టేషన్ల ఫైనల్ రిపోర్ట్ వేసి క్లోజ్ చేసిండ్రేమో అడగండి, ఆ కాపీ పాస్‌పోర్ట్ ఆఫీసుల ఇయ్యండి. కోర్టుల ఉంటే అదే మెజిస్ట్రేట్ ముందట విదేశం పోవడానికి పర్మిషన్ పిటిషన్ వెయ్యండి, కేంద్ర ప్రభుత్వం 1993ల ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కోర్టు పర్మిషన్ ఉంటే పాస్‌పోర్ట్ ఇస్తరు. పైన చెప్పిన లోపాల మీద కేసే కొట్టేయమని హైకోర్టుకు పోవచ్చు, దానికి ఖర్చు, టైం రెండూ ఎక్కువే, వీసా తొందరుంటే పర్మిషనే నయం.

తొందరగ అయిపోతదని తప్పు ఒప్పుకొని ఫైన్ కట్టమని ఎవరన్న చెప్తే ఆగండి, ముందు పైన చెప్పినవి వకీలుతోని చూపించుకోండి. ఇప్పటికే కట్టి ఉంటే భయం లేదు, ఒట్టి ఫైన్ శిక్షకు పాస్‌పోర్ట్ ఆపరు, కాకపోతే ఫారంల అడిగిన కాడ దాచిపెట్టకుండ రాయండి.