రోడ్డెక్కిన బర్రెలను తోలడానికి సాయపడితే నష్టం మనమే కట్టాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఓ పల్లె. నెల క్రితం రాత్రిపూట బైకు మీద వస్తుంటే, ముఖపరిచయం లేని రైతు ఒకాయన రోడ్డెక్కిన నాలుగు బర్రెలను మళ్లించలేక నన్ను సాయం పట్టమన్నాడు. ఇద్దరం తోలుతుండగా లారీ హారన్‌కు ఒకటి బెదిరి కాలువలోకి దూకి కాలు విరగ్గొట్టుకుంది. నేను అదిలించబట్టే ఇలా అయిందని, 80 వేలు ఇవ్వకపోతే కేసు పెడతానని ఆయన అంటున్నాడు. ఇంకో సందేహం. ఎవరిదో తెలియని పాడిబర్రె ఒకటి నాలుగు రోజులుగా మా దొడ్లో ఉంది. మేత ఖర్చు అడగవచ్చా?

జవాబు: క్రిమినల్ కేసు గురించి మీరు భయపడాల్సిన పని లేదు. పశువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చన్నది నిజమే. అయితే నష్టం చేయాలన్న ఉద్దేశం గానీ, నష్టం జరుగుతుందన్న ఎరుక గానీ ఉంటేనే అది నేరమవుతుంది. ఆ మాట 324వ సెక్షన్‌లోనే ఉంది. యజమాని పిలిస్తే వచ్చి తోలినవారికి ఆ రెండూ అంటగట్టలేరు. స్టేషన్ నుంచి పిలుపొస్తే తప్పించుకు తిరగకండి. జరిగింది తేదీ, సమయంతో సహా రాసి ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి.

సివిల్ దావా వేరే సంగతి. అక్కడ ఉద్దేశంతో పనిలేదు, మీరు అజాగ్రత్తగా ఉన్నారా అన్నదే చూస్తారు. దాన్ని రుజువు చేయాల్సిన భారం ఆయనదే. కర్రతో కొట్టారా, బైకుతో వెంటపడ్డారా, హెడ్‌లైటు కళ్లలో కొట్టారా, కాలువ ఉందని తెలిసీ అటువైపే తోలారా అని అడుగుతారు. ఇవేవీ చేయకపోతే, లారీ హారన్‌కు బెదిరిన బర్రెకు మీరు జవాబుదారీ కాదు. ఆ సమయంలో అక్కడున్న ఇద్దరు ముగ్గురి పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెడితే, జాలిపడి వైద్యానికి ఎంతో కొంత ఇవ్వాలని మీకే అనిపించవచ్చు. ఇవ్వండి, తప్పులేదు. కానీ ‘మానవతాదృష్టితో ఇస్తున్నాను, బాధ్యత ఒప్పుకుని కాదు’ అన్న వాక్యం కాగితంలో ఉండాలి. ‘నా వల్ల జరిగిన నష్టానికి’ అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. రేపు దావాలో మీకు ఎదురు నిలిచేది ఆ కాగితమే. బర్రెకు బీమా ఉందేమో, శాశ్వత వైకల్యం ఆ పాలసీ కిందికి వస్తుందేమో కూడా ఆయన్ను చూసుకోమనండి.

రోడ్డు ప్రమాదంలో సాయపడినవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుందని చాలామంది చెబుతుంటారు. అది ప్రమాదంలో గాయపడిన మనుషులకు చేసే సాయానికే. పశువులను తోలేటప్పుడు అది అక్కరకు రాదు, మీ జాగ్రత్తే మీకు రక్ష.

ఇలాంటి సందర్భం మళ్లీ ఎదురైతే ముందు బండిని అంచున ఆపి ఇండికేటర్లు వేయండి. పశువుల జోలికి వెళ్లేముందు రెండు వైపులా వాహనాలను ఆపించాలి. రోడ్డు మీద ఒక్కరే నిలబడి రెండు పనులూ చేయలేరు కాబట్టి వచ్చిన మొదటి వాహనదారుడికే ఆ పని అప్పగించండి, అవసరమైతే 112కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ రికార్డు రేపు మీకు సాక్ష్యమవుతుంది కూడా. పిలవడం, పలుపు పట్టడం యజమానికే వదిలేయండి. బర్రెలు ఆయన గొంతును గుర్తుపడతాయి. మీరు వెనగ్గా, కాస్త పక్కగా నడవండి. దూడకూ తల్లికీ మధ్య నిలబడకండి. పలుపును చేతికి చుట్టుకుంటే బర్రె లాగినప్పుడు వేళ్లు పోతాయి. పశువుకు దెబ్బ తగిలితే 1962కు చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఇక దొడ్లో ఉన్న బర్రె. ఇక్కడ ఆలస్యం చేస్తే మీకే ముప్పు. దొరికిన సొత్తును కాపాడి యజమానికి చేర్చాలని దగ్గర పెట్టుకోవడం నేరం కాదు. యజమానిని వెతికే ప్రయత్నం చేయకుండా సొంతం చేసుకుంటే న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద ఆర్నెల్లకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు. ఈరోజే చెవి ట్యాగు చూడండి. దాని మీది 12 అంకెల సంఖ్య చెబితే పశువైద్యశాలలో యజమాని వివరాలు దొరికే అవకాశం ఉంది. కొమ్ములు, సుడులు కనిపించేలా ఫొటోలు తీసి పంచాయతీ కార్యదర్శికి, పోలీసులకు రాతపూర్వకంగా తెలపండి. చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేయించండి.

మేత ఖర్చు విషయంలో కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ తెలియక చాలామంది నష్టపోతారు. మీరు స్వచ్ఛందంగా పెట్టిన ఖర్చు కోసం యజమాని మీద దావా వేయలేరు, కానీ అది ముట్టేదాకా బర్రెను మీ దగ్గరే ఉంచుకునే హక్కు ఉంది. అంటే పలుపు ఆయన చేతికివ్వకముందే లెక్క తేల్చుకోవాలి. చొప్ప, తవుడు, మందులు కొన్న రసీదులు చూపించి ఉన్నదే అడగండి. ఎక్కువ అడిగి పట్టుబడితే బెదిరించి వసూలు చేశారన్న ఫిర్యాదు ఎదుర్కోవాల్సి వస్తుంది.

పాలు పిండక తప్పదు, లేదంటే పొదుగు వాస్తుంది. కానీ ఆ పాలు యజమానివే. అమ్మితే వచ్చిన డబ్బు రాసిపెట్టి మేత ఖర్చులో తగ్గించండి. మీ దగ్గరుండగా ఈనితే దూడ కూడా ఆయనదే అని అదే చట్టం 163వ సెక్షన్ చెబుతోంది.

తగినంత వెతికినా యజమాని దొరకకపోతే, లేదా దొరికీ ఖర్చులు ఇవ్వనంటే, అప్పుడు కూడా వెంటనే అమ్మే వీల్లేదు. న్యాయంగా రావాల్సిన మీ ఖర్చులు బర్రె ఖరీదులో మూడింట రెండు వంతులకు చేరినప్పుడో, పశువు చచ్చిపోయే లేదా విలువ చాలామటుకు పోయే ప్రమాదం ఉన్నప్పుడో మాత్రమే 169వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అంతదాకా ఆగలేమనుకుంటే బందెలదొడ్డి ఎక్కడుందో పంచాయతీలో అడిగి, పోలీసుల ద్వారా అక్కడికి చేర్పించండి. ట్రాలీ ఆటోలో ఎక్కించి మీరే తీసుకెళ్లకండి. కాగితాల్లేకుండా పశువును తరలిస్తున్నారని దారిలో ఆపితే మళ్లీ మీరే సంజాయిషీ చెప్పుకోవాలి.