సమాధానం: బ్రెజిల్ బీఫ్ లెక్కలు రెండు చోట్ల ఎందుకు కలవడం లేదంటే

బ్రెజిల్ బీఫ్ ఎగుమతులు ఆ దేశపు నెలవారీ గణాంకాల్లో తక్కువగా, అమెరికా వ్యవసాయ శాఖ నివేదికలో బాగా ఎక్కువగా కనిపిస్తున్నాయని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మీరు కూడడంలో తప్పు చేసి ఉండకపోవచ్చు. తేడా కొలతలో ఉంది.

బ్రెజిల్ నెలవారీ గణాంకాలు కస్టమ్స్ లెక్క, అంటే ఓడెక్కిన సరుకు అసలు బరువు. అమెరికా వ్యవసాయ శాఖ దాన్ని కార్కస్ వెయిట్‌లోకి, అంటే ఎముకతో సహా ఉండే బరువులోకి మారుస్తుంది. ఎముక తీసిన బీఫ్‌ను సుమారు 1.4తో గుణిస్తారు. అందుకే 100 టన్నులు అక్కడ 140 అవుతాయి. ముందు రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోండి. భారత్ పంపే గేదె మాంసం కూడా ఆ నివేదికలో బీఫ్ కిందే వస్తుందని గుర్తుంచుకోండి.

తర్వాత కస్టమ్స్‌లో ఒక్కో రకం సరుకుకు ఇచ్చే కోడ్‌లు చూడండి. 0201 చల్లబరిచిన బీఫ్, 0202 గడ్డకట్టించినది, 0203 పోర్క్. కాలేయం, నాలుక వంటివి 0206లో విడిగా ఉంటాయి. పోర్క్‌తో వాటిని కలిపేస్తే చైనా పోర్క్ దిగుమతుల లెక్క బాగా ఉబ్బిపోతుంది.

ధోరణి కోసం ఈ నెలను పోయిన నెలతో పోల్చవద్దు. ప్రతి నెలకూ అప్పటివరకు గడిచిన 12 నెలల మొత్తాన్ని లెక్కగట్టి గ్రాఫ్ గీయండి. నెలల లెక్క చూడాల్సి వస్తే, చైనా నూతన సంవత్సరం పండగ ఒక ఏడు జనవరిలో, ఇంకో ఏడు ఫిబ్రవరిలో వస్తుంది కాబట్టి ఆ రెండు నెలలనూ కలిపే చూడాలి.

పోర్క్‌కు మాత్రం 2020ని ప్రాతిపదికగా పెట్టుకోకండి, దయచేసి. 2018 ఆగస్టులో చైనాలో పందులను చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వ్యాధి బయటపడ్డాక అక్కడి పందుల మందలు దెబ్బతిని, 2020లో దిగుమతులు అసాధారణంగా పెరిగాయి. దాంతో పోలిస్తే తర్వాతి ఏడాదులన్నీ కుప్పకూలినట్టే కనిపిస్తాయి.