నదీజలాల చదువు: హెచ్ఈసీ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది పల్నాడులో సాగర్ కుడికాలువ కింద పల్లె. మా అమ్మాయి ఇంటర్ హెచ్ఈసీ రెండో సంవత్సరం. సింధు నాగరికత దగ్గర్నుంచి కృష్ణా నీళ్ల తగాదా దాకా ఏది దొరికినా వదలకుండా చదువుతుంది. పైచదువు కూడా ఇందులోనే అంటోంది. దీనికి ఉద్యోగాలుంటాయా? బీఏ, బీఈడీ చేయిస్తే నయమేమో అని మా టెన్షన్.

జవాబు: 2023 నవంబరు 30 మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లారేసరికి సాగర్ డ్యామ్ మీద 13వ గేటు దగ్గర ముళ్లకంచె, ఇటు ఆంధ్రా పోలీసులు, అటు తెలంగాణ పోలీసులు. చివరికి సీఆర్పీఎఫ్‌ను దించాల్సి వచ్చింది. ఆ గేట్ల నీళ్లతో పంట పండించే ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ విషయం మీద మనసు పోవడం సహజం. దయచేసి ఆపకండి.

అయితే ముందే ఒక మాట. ఇంజనీరింగ్ వైపు తలుపు ఆమెకు దాదాపు మూసుకుపోయింది. కేంద్ర జలసంఘంలో ఇంజనీరు కావాలంటే బీటెక్ ఉండాలి, దానికి ఎంపీసీ కావాలి. ఆమెకు సరిపోయేది నా లెక్కలో లా.

ఎందుకంటే మన దేశంలో రాష్ట్రాల నీటి తగాదాలు తేలేది ట్రైబ్యునళ్లలో, అంటే వీటికోసమే వేసే ప్రత్యేక న్యాయస్థానాల్లో. రాజ్యాంగం 262వ అధికరణం, 1956 అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం వీటికి ఆధారం. బచావత్ ట్రైబ్యునల్ కృష్ణాలో 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు ఖాయంగా వచ్చే నీరు 2060 టీఎంసీలని తేల్చింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పొలాల నుంచి తిరిగి నదిలో కలిసే నీటితో మన వాటా 811 అయింది. విభజన తర్వాత 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. పరీవాహక ప్రాంతం మాదే ఎక్కువ కాబట్టి వాటా పెంచాలని తెలంగాణ అంటుంది. పాత ప్రాజెక్టులకు ఇచ్చిన కేటాయింపులు కదపొద్దని ఆంధ్ర అంటుంది. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది, అందుకే ఇది కష్టమైన కేసు. 2023లో కేంద్రం దీన్ని అప్పటికే కృష్ణా తగాదా చూస్తున్న బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్‌కే అప్పజెప్పింది. ఇలాంటి చోట సెక్షన్లతో పాటు ఇన్‌ఫ్లో (వచ్చే నీటి) పట్టిక కూడా చదవగలిగిన లాయరుకు విలువ ఎక్కువ.

దారి ఇది: ఇంటర్ కాగానే ఐదేళ్ల లా. జాతీయ లా వర్సిటీల ఎంట్రన్స్ క్లాట్ రాస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య వర్సిటీ. రాష్ట్ర ఎంట్రన్స్ లాసెట్ రాస్తే రాష్ట్ర కాలేజీలు. లాయరుగా మొదటి నాలుగైదేళ్లు సంపాదన తక్కువ, సీనియర్ దగ్గర ఓపిగ్గా నేర్చుకోవాలి. దానికి ఇంట్లో సిద్ధపడండి.

లా నచ్చకపోతే బీఏలో జాగ్రఫీ, పొలిటికల్ సైన్స్ తీసుకోమనండి. తర్వాత ఉస్మానియాలో జాగ్రఫీ పీజీ గానీ, జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాలు గానీ చేయవచ్చు. జీఐఎస్, అంటే కంప్యూటర్ మీద మ్యాపులు తయారుచేసే పని నేర్చుకుంటే ఉద్యోగం తేలిక. దేశాల మధ్య నీటి పని కూడా తక్కువేమీ కాదు. పాకిస్థాన్‌తో 1960 సింధు జలాల ఒప్పందం 1965, 1971 యుద్ధాలను తట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ దాడి తర్వాత భారత్ దాన్ని నిలిపివేసింది. బంగ్లాదేశ్‌తో గంగా జలాల ఒప్పందం 1996లో 30 ఏళ్లకు కుదిరింది. ఇవన్నీ తెలిసినవాళ్లు విదేశాంగ శాఖకూ, యూనివర్సిటీలకూ కావాలి. సివిల్స్ రాసినా జాగ్రఫీ పనికొస్తుంది. మీరన్న బీఈడీ ఈ దారిలో డిగ్రీ అయ్యాక ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

ఈ సెలవుల్లో ఆమెను మీ కాలువ లస్కర్, అంటే నీళ్లు వదిలే ఉద్యోగి దగ్గరికి పంపండి. గేజి ఎలా చూస్తాడో, ఏ తూముకు ఎంత వదులుతాడో, చివరి భూముల రైతులు వచ్చి అడిగితే ఏం చెబుతాడో పది రోజులు నోటుబుక్కులో రాసుకోమనండి. ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం మాట్లాడుకునే మాటలే అక్కడా వినిపిస్తాయి. పదకొండో రోజు కూడా తనంతట తానే వెళ్తే లా ఎంట్రన్స్‌కు దరఖాస్తు పెట్టించండి.