పిక్క నొప్పికి నరాల ఇంజెక్షన్లా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకు 59 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లె. ఆరేళ్లుగా షుగరు ఉంది, బిళ్లలు వాడుతోంది. చుట్ట అలవాటు ఉంది. రెండు కాళ్ల మీదా నీలం నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. ఏడాదిగా కాస్త దూరం నడిస్తే కుడి పిక్క పట్టేస్తోంది, ఆగితే తగ్గుతోంది. మెడికల్ షాపులో నరాల నీరసం అన్నారు. బి12 ఇంజెక్షన్లు చేయించాం, నొప్పి బిళ్లలు రోజూ వేస్తున్నాం. ఈ మధ్య చెప్పు ఒరుసుకుని కుడికాలి చిటికెన వేలి మీద పుండు పడింది, నెల దాటినా మానలేదు. ఉబ్బిన నరాలకు లేజర్ మంచిదా, ఆపరేషనా? ఖర్చెంత? ఈలోగా బిగుతు మేజోళ్లు తొడగమంటారా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు మేజోళ్ల సంగతి. తొడగకండి. కొనేసి ఉంటే పక్కన పెట్టండి. లేజర్‌కు తొందర లేదు, చివర్లో చెబుతాను. తొందరంతా ఆ చిటికెన వేలి గురించే. అంత పెద్ద ప్రశ్నలో మీరు దానికి ఒక్క వాక్యం ఇచ్చారు. మనిషిని చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇది నా అనుమానమే తప్ప నిర్ధారణ కాదు.

మన మాటలోనే ఒక చిక్కుంది. స్పర్శ తెలిపే నాడి మనకు నరమే. గుండె నుంచి రక్తం తెచ్చే ధమనీ నరమే, తిరిగి తీసుకెళ్లే సిరా నరమే. సెలైన్ పెట్టేటప్పుడు కూడా ‘నరం దొరకలేదు’ అంటాం. అందుకే కాలికి ఏమొచ్చినా నరాల నీరసం అయిపోతుంది, షాపులో బి12 ఎలాగూ ఉంటుంది. మీకు పైకి కనిపిస్తున్నవి సిరలు. వాటిలోని కవాటాలు పాడైతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి, చీలమండల దగ్గర వాపు వస్తుంది, కాళ్లు ఎత్తు మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. నడిస్తే పట్టేసి, రెండు మూడు నిమిషాలు నిలబడగానే వదిలేసే పిక్క నొప్పి తీరు ఇది కాదు. అది ఎక్కువగా ధమని లోపల కొవ్వు పేరుకుని దారి ఇరుకైనప్పుడు వస్తుంది. నడిచే కండకు రక్తం ఎక్కువ కావాలి, అది అందదు. ఆగితే వచ్చే కాస్తా సరిపోతుంది. నడుము దగ్గర నాడి నొక్కుకున్నా ఇలాంటి నొప్పి రావచ్చు గానీ, వాళ్లకు ఊరికే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. షుగరూ పొగా రెండూ ఉన్న మనిషిలో నా మొదటి అనుమానం ధమని మీదే. పుండు మానకపోవడం ఆ అనుమానాన్ని పెంచుతోంది.

అసలే రక్తం అందని కాలికి బిగుతు మేజోడు తొడిగితే వచ్చేది కూడా ఆగిపోవచ్చు. వేడినీళ్ల కాపడం కూడా వద్దు. షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదానికి కాలినా తెలియదు. రాత్రి నొప్పితో లేచి కాలు మంచం కిందికి వేలాడేసుకుంటే ఆమెకు నయంగా ఉంటోందా? మీరు రాయలేదు, అడగండి. అవునంటే జబ్బు బాగా ముదిరినట్టే.

ఇక నొప్పి బిళ్లలు. నా దగ్గరికి ఇలాంటివాళ్లు తరచుగా వస్తారు. ఏ బిళ్ల అని అడిగితే ‘ఎర్రది, కాయితంలో చుట్టి ఇచ్చారు’ అంటారు. పేరు తెలియదు, ఎన్నాళ్లుగానో గుర్తుండదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఇరుకైన ధమనిని వీసమెత్తు కూడా తెరవవు. నొప్పిని కప్పి, మీరు ఆసుపత్రికి వెళ్లే రోజును వెనక్కి నెడతాయి, అంతే. ఈలోగా బీపీ పెంచుతాయి, కడుపులో పుళ్లు పెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. సోంపేట మనిషికి కిడ్నీ గురించి నేను వేరే చెప్పాలా? కవిటి, కంచిలి, మందస, పలాస, ఉద్దానంలో ఎక్కడికి వెళ్లినా డయాలసిస్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. అక్కడి కిడ్నీ జబ్బు ఈ బిళ్లల వల్లే అని నేననడం లేదు, దాని అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ అంత ముప్పున్న చోట, పైగా షుగరున్న మనిషికి ఏడాది పొడుగునా నొప్పి బిళ్లలు మింగించారంటే కోపం రాదా బాబూ? రేపు కాలి ధమనులకు సీటీ యాంజియోగ్రామ్ (ధమనుల్లో అడ్డు చూపే స్కాన్) తీయాల్సి వచ్చి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువుంటే, ఆ స్కాన్ కోసం ఎక్కించే మందు కిడ్నీలు తట్టుకుంటాయా అని ఆలోచించాల్సి వస్తుంది. కాబట్టి ఆ బిళ్లలు ఆపండి. షుగరు బిళ్లలు మాత్రం ఆపకండి.

ఈ వారం దాటనివ్వకండి. సోంపేట ప్రభుత్వాసుపత్రిలో గానీ, శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ ముందు పాదం మీద ధమని కొట్టుకుంటోందా అని చూస్తారు. చీలమండ దగ్గర బీపీ చూసి చేతి బీపీతో పోలుస్తారు, 0.9 వంతు లేదా అంతకంటే తక్కువుంటే ధమనిలో అడ్డున్నట్టు. షుగరువాళ్లలో ధమని గోడ గట్టిపడి ఆ లెక్క తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. అందుకే డాప్లర్ కూడా కావాలి, అది రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్. ఉబ్బిన నరాలని చెబితే ఒక్కోసారి సిరలకే తీసి పంపేస్తారు, ధమనులకు కూడా రాయమని అడగండి. క్రియాటినిన్, ఈసీజీ కూడా చేయించండి, కాలి ధమనిలో పేరుకున్న కొవ్వు గుండె దగ్గర పేరుకోలేదని ఎవరు చెప్పగలరు? రక్తనాళాల సర్జన్ కోసం విశాఖ వెళ్లాల్సి రావచ్చు. వేలు నల్లబడినా, చీము, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోయి మొద్దుబారితే గంటల లెక్క, 108కి ఫోన్ చేయండి.

చుట్ట మానాల్సిందే. నిప్పు కొస నోట్లో పెట్టి తాగే అడ్డచుట్ట వల్ల అంగిలికే చేటని మన ఆడవాళ్లు అనుకుంటారు, రక్తనాళాలనూ పూడ్చేది ఆ పొగే.

లేజరా, ఆపరేషనా అన్నది డాప్లర్ చూసిన సర్జన్ తేలుస్తారు. ఖర్చు ఆసుపత్రిని బట్టి మారుతుంది, ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందేమో అక్కడే అడగండి. ధమనుల సంగతి తేలేదాకా మాత్రం ఆ సిరల జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. రేపు కాలికి బైపాస్ చేయాల్సి వస్తే, బాగున్న సిర కోసం సర్జన్ వెతికేది కాళ్లలోనే. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ, కాయితంలో చుట్టినవి కూడా, పట్టుకెళ్లండి.